డన్‌స్టర్ వాగు రేకుల గది

నోలీన్ ప్యాస్కో సముద్రపొడ్డు ఊరు హొకిటికాలో స్కూలు బస్సు నడుపుతుంది. ఇరవై రెండేళ్లుగా అదే పని. పొద్దున కొకటాహి వైపు పాల ఆవుల దొడ్ల వెంట పిల్లల్ని ఎక్కించుకుని ఊళ్లోకి తెస్తుంది, మూడింటికి మళ్లీ ఎవరి గేటు దగ్గర వాళ్లని దింపేస్తుంది. బస్సులో గోల శ్రుతి మించితే ఆవిడ బ్రేకు వెయ్యదు, వెనక్కి తిరగదు. అద్దంలోంచి ఒక చూపు చూస్తుంది, అంతే. అరవై ఒకటో ఏట కూడా సన్నగా, పొడుగ్గా, ఎక్కడా వంగకుండా ఉంటుంది. బడికి సెలవులిచ్చిన మర్నాడు వీపున సంచీ వేసుకుని కొండల్లోకి వెళ్లిపోతుంది.

పుట్టుకతో కొండ మనిషేం కాదు. ముప్పై నాలుగేళ్లు వచ్చేదాకా సముద్రపొడ్డు దాటి పైకి పోయిందే లేదు. ఆమెను మొదటిసారి తీసుకెళ్లింది మొగుడు డెస్. కలప కోత మిల్లులో పనిచేసేవాడు. ఆ మొదటి రాత్రి ఎవరూ ఉండని ఒక రేకుల గదిలో పడుకున్నారు. తెల్లారి చూస్తే ఎలుక ఆమె బూటు తాడు సగం కొరికేసింది. "ఇంకోసారి పిలిచావంటే చూడు" అని దారి పొడవునా తిట్టింది. ఇంటికొచ్చి స్నానం చేసి, నాలుగు రోజులు మామూలుగా ఉండి, అయిదో రోజు "మళ్లీ ఎప్పుడు?" అని అడిగింది. పదేళ్లు తిరిగేసరికి వాగు దాటాల్సిన చోట డెస్సే ఆగి ఆమె మొహం చూసేవాడు. ఆమె దాటొచ్చంటే దాటేవాళ్లు, వద్దంటే సంచీలు దింపి టీ కాచుకునేవాళ్లు.

ఆరేళ్ల కిందట మిల్లులో, మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చుని రొట్టె తింటూ తింటూనే డెస్ గుండె ఆగిపోయింది. అప్పట్నుంచీ నోలీన్ ఒక్కతే వెళుతోంది. పక్కింటి వెండీ ఉండబట్టలేక అడిగింది, "ఒక్కదానివే అంత దూరం పోతావు, నీకు భయం వెయ్యదా?"

"ఎందుకెయ్యదు? వేస్తుంది కనకే ఎక్కడికి పోతున్నానో, ఎప్పుడొస్తానో నీ ఫ్రిజ్ మీద అంటించి వెళ్తాను. ఆ రోజుకి రాకపోతే ఫోన్ చేసే పని నీది."

అక్కడ చలికాలానికి ముందొచ్చే ఆ ఏప్రిల్ సెలవుల్లోనూ కాగితం అంటించే వెళ్లింది. కనుమకు అవతల మిల్‌వార్డ్ గది ఉంది, ఇవతల డన్‌స్టర్ వాగు గది. రెండూ ఆరేసి మంచాల రేకుల గదులే. కాపలా మనిషి ఉండడు, తలుపుకి తాళం ఉండదు. ఒక ఇనుప పొయ్యి, ఒక గొడ్డలి, బయట నీళ్ల తొట్టి, లోపల దారానికి కట్టిన పెన్నుతో ఒక పుస్తకం ఉంటాయి. వచ్చినవాళ్లు పేరు రాసి, ఎక్కణ్ణుంచి వచ్చారో, ఎక్కడికి పోతారో రాసి, వాడిన కట్టెలకి బదులు కట్టెలు కొట్టి పెట్టి వెళ్లాలి. ఆదివారం సాయంత్రం మిల్‌వార్డ్ గదికి చేరి మూడు రాత్రులు అక్కడే ఉండిపోయింది. తొట్టి కుళాయి కారుతుంటే దాన్ని బాగుచేసింది. పొగగొట్టంలో మసి దులిపింది. కొండ మీద మంచు పొగ దిగి ఉంది, సన్నగా తుంపర. ఆ మూడు రోజుల్లో నరపురుగన్నది ఆ గడప తొక్కలేదు.

బుధవారం పొద్దున బయల్దేరి కనుమ ఎక్కింది. ఇవతలి వైపు దిగుతున్నప్పుడు దుబ్బుగడ్డి మధ్యలో ఒకచోట దారి వదిలి యాభై అడుగులు పక్కకి నడిచింది. అక్కడ నడుమెత్తు రాళ్ల గుర్తు ఒకటుంది. పైన తెల్లగా మెరిసే పలుగురాయి. ఎప్పుడో పాత దారి మలుపు తెలియడానికి డెస్ పేర్చింది. నాలుగేళ్ల కిందట పెద్ద వానకి కొండచరియ విరిగిపడి ఆ పాత దారి మొత్తం జారిపోయింది. పక్క గట్టు మీదుగా నారింజ రంగు గడకర్రలు పాతి కొత్త దారి వేశారు. రాళ్ల గుర్తు మాత్రం అలాగే మిగిలిపోయింది. నోలీన్ అటు వెళ్లిన ప్రతిసారీ ఒక రాయి దాని మీద పెట్టి వస్తుంది. ఆ రోజూ పెట్టింది. గాలి ఈడ్చి కొడుతోంది. కాసేపు నిలబడి, మళ్లీ గడకర్రల వెంటపడి దిగిపోయింది.

పన్నెండున్నరకి డన్‌స్టర్ గదిలో సంచీ దింపింది. పొయ్యి రాజేసి నీళ్లు పెట్టి, అలవాటు ప్రకారం పుస్తకం తెరిచింది. ఆఖరి పేరు ఐవన్ టాప్లిస్, ఊరు టిమారు. ఆదివారం తేదీ. అచ్చు అక్షరాల్లాంటి రాత: "సోమవారం ఉదయం కనుమ దాటి మిల్‌వార్డ్ గదికి. రెండు రాత్రులు అక్కడ. తిరుగు ప్రయాణం ఇదే దారిన."

నోలీన్ దాన్ని రెండోసారి చదివింది. సోమవారం, మంగళవారం తను ఆ గదిలోనే ఉంది కదా. ఇవాళ దారిలోనూ ఎవరూ ఎదురు కాలేదు.

మనసు మార్చుకుని కిందికి దిగిపోయాడేమో అనుకుంది. గది నాలుగు మూలలా చూసింది. నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. గొడ్డలి మేకుకి వేలాడుతోంది. పుల్లలు వేలెడంత సన్నగా చీల్చి ఒక వరసన పేర్చి ఉన్నాయి. ఎలుకలకి అందకుండా దూలానికి తీగతో కట్టిన సంచీలో బియ్యం, ఉల్లిపాయలు, టీ పొడి ఉన్నాయి. దాని మీద చీటీ: "టాప్లిస్. వెనక్కి వచ్చేటప్పటికి." పుల్లలు అంత పద్ధతిగా పేర్చిన మనిషి, తిండి ఇక్కడ వదిలేసి పుస్తకంలో రాసింది దిద్దకుండా వెళ్లడు. ఆమెకి అది తేలిపోయింది.

అయినా వెంటనే పరుగెత్తలేదు. టీ తాగింది, జున్ను పెట్టి రెండు రొట్టె ముక్కలు తింది. ఖాళీ కడుపుతో వెతకడానికి పోయినవాళ్లు ఏమవుతారో ఆమె చూసింది. తర్వాత పుస్తకంలో రాసింది: "బుధవారం ఒంటిగంట. టాప్లిస్ మిల్‌వార్డ్ చేరలేదు. వెతకడానికి కనుమ దారిన పైకి పోతున్నాను. నోలీన్ ప్యాస్కో." స్లీపింగ్ బ్యాగు, టార్పాలిన్, చిన్న స్టవ్వు, కట్టు కట్టే పట్టీలు సంచీలో వేసుకుంది. బీకన్ ఎప్పటిలాగే ఛాతీ మీది జేబులో ఉంది. దాని మీట నొక్కితే మనుషులు హెలికాప్టరేసుకుని వస్తారు. కానీ ఏమని నొక్కాలి? మనిషి ఎక్కడున్నాడో ముందు తెలియాలి.

చెట్లు దాటి దుబ్బుగడ్డిలోకి వచ్చేసరికి మంచు పొగ ఇంకా కిందికి దిగింది. గడకర్ర దగ్గర ఆగి ఈల వేస్తుంది, వింటుంది, ఇంకో గడకర్రకి పోతుంది. అయిదో గడకర్ర దగ్గర ఆగి పైకి చూసింది. ఆరోది కనబడలేదు, పొగలో కలిసిపోయింది. కనబడింది ఒకటే: ఎడమ వైపు, నడుమెత్తున, తెల్ల తల పెట్టుకుని, ఇటు రా అన్నట్టు నిలబడ్డ రాళ్ల గుర్తు.

ఈ నాలుగేళ్లలో ఆమె ఎప్పుడూ పైనుంచి కిందికే దిగింది. కిందినుంచి ఎక్కేవాడికి, దారి కొత్తవాడికి, మంచులో ఇది ఎలా కనబడుతుందో ఒక్కసారి కూడా చూడలేదు. పొద్దున అక్కడ నిలబడి రాయి పెట్టింది. కింద మనిషి ఉన్నాడేమో!

గుర్తు దాటి నలభై అడుగులు పోతే గడ్డి తెగిపోయింది. అవతల అంతా పచ్చి మట్టి, రాయి, అడుగెక్కడో కనబడని వాలు. బోర్లా పడుకుని తల బయటికి పెట్టి ఈల వేసింది. ఏం లేదు. మళ్లీ వేసింది. కిందనుంచి టక్, టక్, టక్ మని రాయిని రాయితో కొట్టిన చప్పుడు.

చరియ అంచున తుప్పలు పట్టుకుని దిగడానికి అరగంట పట్టింది. వాగు మొదట్లో ఒక పెద్ద బండ కింద, కోటులోకి గడ్డి కుక్కుకుని, మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు ఐవన్ టాప్లిస్. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి. పెదాలు నీలంగా ఉన్నాయి, కుడి చీలమండ బూటులోంచి ఉబ్బి పొంగింది.

"ఎవరు నువ్వు?" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

"నోలీన్. హొకిటికాలో స్కూలు బస్సు నడుపుతాను."

"అయితే ఇంత ఆలస్యమేంటి? సోమవారం నుంచీ స్టాపులో నిలబడ్డాను."

నోలీన్‌కి సగం ప్రాణం లేచొచ్చింది. జోకు వేస్తున్నాడంటే బుర్ర పనిచేస్తోంది. "నీ బీకనేదీ?" అని అడిగింది.

"సంచీలో."

"సంచీ?"

గడ్డంతో వాగు వైపు చూపించాడు. "నాకంటే ముందు దిగింది. ఎక్కడాగిందో దానికే తెలియాలి."

"బీకన్ సంచీలో పెట్టుకుంటారా ఎవరైనా? ఒంటి మీద ఉండాలి కదయ్యా."

"ఆ సంగతి నాకు సోమవారం తొమ్మిదింబావుకి బాగా తెలిసొచ్చింది. నువ్వు తిట్టడానికొచ్చావా, టీ ఏమన్నా తెచ్చావా?"

ఆమె బీకన్ నొక్కి బండ మీద పెట్టింది. స్టవ్వు మీద నీళ్లు కాచి చక్కెర దండిగా వేసి టీ తాగించింది. తడి చొక్కా విప్పించి తన ఉన్ని చొక్కా తొడిగించి స్లీపింగ్ బ్యాగు చుట్టింది. జేబులో ఉన్న ఎండు ఆప్రికాట్లు రోజుకి నాలుగు చొప్పున తిన్నానని, ఇంకా మూడు మిగిలాయని చెప్పాడు. పైకి చూస్తే ఆకాశం లేదు. ఆ పొగలో హెలికాప్టరు రావడం కుదరదు. ఇక్కడే ఇంకో రాత్రంటే ఈ మనిషి తట్టుకోలేడు. వాగు వెంట గది అరమైలు ఉంటుంది, నీళ్లు మోకాలి లోపే ఉన్నాయి.

"బూటు విప్పకు. అలాగే కట్టేస్తాను. నా భుజం పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతావు, గెంతలేని చోట కూర్చుని జరుగుతావు. సరేనా?"

"సరే అనకపోతే?"

"పదమూడేళ్ల పిల్లల్ని నలభైమందిని రోజూ కూర్చోబెడతాను. నిన్ను లేపడం నాకో లెక్కా?"

అరమైలుకి రెండు గంటలు పట్టింది. రెండుసార్లు పడ్డారు. రెండోసారి ఐవన్ పెట్టిన కేక లోయంతా మోగింది. ఆ తర్వాత ఒక బూతు తిట్టాడు, "క్షమించు తల్లీ" అన్నాడు, మళ్లీ అదే తిట్టాడు. అయిదవుతుండగా గది రేకులు కనబడ్డాయి. అతన్ని పొయ్యి పక్క మంచం మీదికి ఎక్కించి, బీకన్ తీసుకెళ్లి ఆకాశం కనబడే చోట కట్టెల పాక కప్పు మీద పెట్టింది. కాసేపటికి పైన ఎక్కడో హెలికాప్టరు రెక్కల చప్పుడు వినబడింది. ఒక చుట్టు తిరిగింది, దారి దొరక్క వెళ్లిపోయింది.

"కబురు అందింది. పొగ విడవగానే వస్తారు" అంది నోలీన్.

ఎండిన కూరగాయలు, ఐవన్ ఉల్లిపాయలు, బియ్యం అన్నీ ఒకే గిన్నెలో వేసి జావలా ఉడికించింది. ఐవన్ రెండు గిన్నెలు తాగాడు. మొహంలోకి రంగొచ్చింది. సర్వే పనిలో ముప్పై ఎనిమిదేళ్లు చేశాడట. భార్య మెల్‌బోర్న్‌లో అక్క దగ్గరికి పోతే తను ఇటు వచ్చాడు. "భూములు కొలిచి ఊళ్లకి పటాలు గీసినవాణ్ణి. దారి తప్పానని తెలిస్తే మా ఆఫీసువాళ్లు నా సంతాప సభలో కూడా నవ్వుతారు. కానీ తప్పలేదు, చూడు. అక్కడ గుర్తుంది. చక్కగా పేర్చిన రాళ్ల గుర్తు, పైన తెల్లరాయి. ఎవడో తెలిసినవాడు పెట్టిందే. దాన్ని నమ్మి నడిచాను."

కిటికీలో ఇంకా వెలుగు ఉంది. నోలీన్ గిన్నెలు తోమడం ఆపింది. చెప్పకపోతే ఇతనికి ఎప్పటికీ తెలియదు. ఆ గుర్తు ఎవరిదో, ఎందుకు మిగిలిందో అడిగేవాళ్లు లేరు. చేతులు తుడుచుకుని వచ్చి ఎదురు బల్ల మీద కూర్చుంది.

"అది పెట్టింది మా ఆయన. చనిపోయి ఆరేళ్లయింది. ఆ దారి జారిపోయి నాలుగేళ్లు. ఆ గుర్తు తీసెయ్యాలని నాకు తెలుసు. ప్రతిసారీ అనుకుంటాను. చేతులు రావు. తియ్యకపోగా పోయినప్పుడల్లా ఒక రాయి పెడతాను. ఇవాళ పొద్దున కూడా పెట్టాను. నువ్వు కిందున్నావు."

ఐవన్ కట్టు కట్టిన తన కాలి వైపు చూశాడు.

"రెండు రాత్రులు" అన్నాడు. "మొదటి రాత్రి నేను మా ఆవిడకి ఏం చెప్పాలో అనుకుంటూ పడుకున్నాను. రెండో రాత్రి అది కూడా అనుకోలేదు. నీ మొగుడి జ్ఞాపకం కావాలంటే ఇంట్లో ఫొటో పెట్టుకోవాల్సింది."

"అవును" అంది నోలీన్.

అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె పొయ్యిలో రెండు మొద్దులు వేసి, తనూ పడుకుంది. ఏడవలేదు. అతనన్నదాంట్లో తప్పు దొరకలేదు, అందుకే నిద్ర పట్టడం కష్టమైంది.

తెల్లారేసరికి పొగ చెట్ల తలల దాకా లేచింది. నోలీన్ గంజి కాచింది. గడప దగ్గరికి కోడంత ఉండే, ఎగరలేని వెకా పిట్ట ఒకటి వచ్చి, మెడ సాచి, గిన్నె పక్కనున్న చెంచా నోట కరుచుకుని తుప్పల్లోకి పరుగెత్తింది. ఐవన్ అది చూసి నవ్వబోయి, కాలు కదిలి మూలిగాడు.

"ఒక సంగతి చెప్పాలి" అన్నాడు, ఆమె మొహం చూడకుండా. "ఆ గుర్తు దగ్గర నేనాగి దిక్సూచి తియ్యాల్సింది. మెడలోనే ఉంది. తీసి ఉంటే ఎడమకి పోకూడదని అరనిమిషంలో తెలిసేది. చలిగా ఉందని చేతి తొడుగు విప్పలేదు. కుర్రాళ్లెవరైనా అలా చేస్తే ఉద్యోగం పీకించేవాణ్ణి."

నోలీన్ అతనికి గంజి గిన్నె అందించింది.

"కాబట్టి లెక్క తేల్చుకుందాం. నీది అరవై పాళ్లు, నాది నలభై."

"నాది డెబ్భై" అంది నోలీన్.

"సర్వేయర్ని నేను. కొలిచేది నేను. అరవై."

తొమ్మిదిన్నరకి హెలికాప్టరు గడ్డి మీద దిగింది. వచ్చిన పిల్ల పేరు తియానా, పాతికేళ్లుంటాయి. ఒకప్పుడు నోలీన్ బస్సెక్కినదే. ఐవన్ కాలికి కట్టు కడుతూ, "మిసెస్ ప్యాస్కో, చోటుంది, మీరూ వచ్చెయ్యండి" అంది.

"నాకు పైన పనుంది. మా వెండీకి మాత్రం కబురు చెయ్యి, శుక్రవారమే వస్తానని."

ఐవన్‌ని లోపలికి ఎక్కిస్తుంటే అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ధన్యవాదాలు చెప్తాడేమో అనుకుంది. "నా ఉల్లిపాయలు ఇంకా రెండున్నాయి, పారెయ్యకు" అన్నాడు.

ఆ రోజు ఆమె మళ్లీ పైకెక్కింది. రాళ్ల గుర్తు పడగొట్టడానికి రెండు గంటలు పట్టింది. డెస్ రాళ్లని ఒకదానికొకటి అంత గట్టిగా బిగించాడు. ఒక్కొక్కటీ ఊడదీసి, రెండు పక్కలా గడ్డిలోకి దూరదూరంగా విసిరింది. తెల్లరాయి చేతిలో పట్టుకున్నప్పుడు ఒకసారి సంచీ వైపు చూసింది. తర్వాత దాన్ని కూడా చరియ మీదికి దొర్లించింది. చాలాసేపు దొర్లింది. తర్వాత అయిదో గడకర్ర దగ్గరికి దిగి, పైకి చూసి, ఎక్కడ ఇంకో గడకర్ర పాతితే కనబడుతుందో కొలిచి, తన జేబు పుస్తకంలో రాసుకుంది. ఊళ్లోకి వచ్చాక దారులు చూసుకునేవాళ్లకి ఉత్తరం రాసింది. జరిగింది జరిగినట్టు, తన పేరుతో సహా. చలికాలం వెళ్లకముందే కొత్త గడకర్ర వచ్చింది.

ఐవన్ చీలమండకి ఇనప పలక, ఏడు మరలు వేశారు. మూడు నెలలకి ఒక ఉత్తరం వచ్చింది. అందులో రెండే వాక్యాలు: "మా ఆవిడకి అంతా చెప్పాను. నలభై అయిదు పాళ్లు నాదేనని ఆవిడ తీర్పు."

నోలీన్ ఇప్పటికీ సెలవుల్లో వెళుతూనే ఉంది. మారింది ఒకటే. ఏ దారినైనా ఏడాదికోసారి తనకి అలవాటు లేని వైపునుంచి నడుస్తుంది. మంచు పొగ ఉన్న రోజు చూసుకుని మరీ నడుస్తుంది. ఒక్కో గుర్తు దగ్గరా ఆగి, ఇప్పుడే మొదటిసారి వచ్చినట్టు చుట్టూ చూస్తుంది. దారి లేని చోట మిగిలిపోయిన పాత గుర్తు ఏది కనబడినా కూల్చేస్తుంది, లేదా పైవాళ్లకి రాస్తుంది. కొండ నడకల క్లబ్బులో కొందరికి అది నచ్చలేదు. "అవి మా నాన్నలు పెట్టినవి నోలీన్" అని ఒకాయన అడ్డం పడ్డాడు. "తెలుసు. చెయ్యి పట్టు, ఇద్దరం తీద్దాం" అని అతన్నే వెంటబెట్టుకు వెళ్లింది.

పోయిన వేసవిలో డన్‌స్టర్ గదికి కొత్త రంగు వెయ్యడానికి పదిమంది వెళ్లారు. ఐవన్ కూడా వచ్చాడు, రెండు కర్రల మీద, ఆరు గంటల దారి పదకొండు గంటలు నడిచి. బీకన్ మెడలో తాయెత్తులా కట్టుకున్నాడు. రెండు రోజులు కిటికీ చట్రాలకి రంగు వేశాడు, ప్రతి కప్పు టీకీ వంక పెట్టాడు. మూడో రోజు దిగేటప్పుడు వాగు కొంచెం పొంగి ఉంది. అందరూ ఒడ్డున ఆగారు. ఐవన్ నోలీన్ మొహం చూశాడు.

ఆమె నీళ్లలోకి చిన్న పుల్ల విసిరి, అది పోయే వేగం చూసి, "రెండు గంటలాగుదాం" అంది.

పదిమందీ సంచీలు దింపారు.